నీలాలరేవు ప్రముఖులు

జిల్లాలో ఏ ఒక్క ప్రముఖుడి సమాధి మీదా తమ హయాంలో గునపం దెబ్బ పడనివ్వమని వారసత్వ, తీర సుందరీకరణ శాఖ మంత్రి గిరిబాబు గారు విజయనగరంలో విలేకరులను పిలిచి మరీ ప్రకటించారు. సముద్రం పక్కనుంచి నాలుగు వరసల రోడ్డు వస్తోంది. భోగాపురం అవతల నీలాలరేవు అనే జాలరి ఊరు ఒకటుంది. రోడ్డు ఆ ఊరి శ్మశానం మీదుగా పోవాలి. కాబట్టి అక్కడ ఎవరెవరు ప్రముఖులో తేల్చి, వారి చుట్టూ గ్రిల్లు కట్టి, మిగిలిన జాగాను చదును చేయాలని జీవో వచ్చింది.

"మరి ప్రముఖులు కానివాళ్ళ సంగతేంటి సార్?" అని వెనక వరసలోంచి ఒక విలేకరి అడిగాడు.

మంత్రిగారు ఆ ప్రశ్నకు ఎంతో సంతోషించారు. "బతికున్నన్నాళ్ళూ వాళ్ళు అభివృద్ధికి అడ్డం రాలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకొస్తారు? వాళ్ళ మీద నాకు నమ్మకం ఉంది" అన్నారు.

ఈ పనికి పద్మకుమారి గారనే అధికారిణిని వేశారు. ఉత్తర్వులో ఆవిడ హోదా 'ప్రత్యేకాధికారిణి, సమాధులు' అని ఉంది. ఆవిడ పనిమంతురాలు. శ్మశానంలో ప్రముఖులను గుర్తించాలంటే ముందు శ్మశానానికి చరిత్ర ఉండాలి, చరిత్ర ఉండాలంటే చరిత్రకారుడు ఉండాలి అని మొదటి రోజే కనిపెట్టింది. ఆవిడ దగ్గర ముగ్గురి ఫోన్ నంబర్లున్నాయి. ఒకాయనది స్విచాఫ్. ఒకాయన కాలం చేసి రెండేళ్ళయింది. మూడో ఆయన చంద్రశేఖరం గారు. ఆయన ఫోన్ ఎత్తారు.

"సార్, మీరు హిస్టరీయేనా?"

"ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో చెప్పానమ్మా."

"శ్మశానాల హిస్టరీ వచ్చునా?"

"చరిత్రంటే చాలామటుకు అదేనమ్మా."

"అయితే పదిహేను రోజుల్లో పుస్తకం కావాలి. మినిస్టర్ గారి చేతుల మీదుగా రిలీజ్."

చంద్రశేఖరం గారి గురించి ఒక్క మాట చెప్పాలి. ముప్పై నాలుగు మార్కుల దగ్గర ఆగిపోయిన సొంత బావమరిదికి ఆ ముప్పై అయిదో మార్కు వేయని మనిషి ఆయన. దాని ఫలితంగా ఏడేళ్ళపాటు అత్తవారింట్లో కాఫీ అడిగి తాగారు. అయినా మార్కు వేయలేదు. అలాంటి మనిషి చేతికి పద్మకుమారి గారు ఒక ఫారం ఇచ్చింది. అందులో పేరు, పదవి, బిరుదులు, అవార్డులు, చేసిన శంకుస్థాపనలు అని గళ్ళున్నాయి. ఆఖరి గడిలో 'ప్రముఖుడు అవును/కాదు' అని ఉంది.

ఇద్దరూ జీపులో నీలాలరేవు వెళ్ళారు. సరుగుడు తోటకీ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బ, దాని మీద శ్మశానం. రాతి సమాధి ఒక్కటే ఉంది. మిగిలినవన్నీ ఇసుక గుట్టలు. ఒక గుట్ట మీద విరిగిన తెడ్డు పాతి ఉంది, ఇంకోదాని మీద కుండ బోర్లించి ఉంది, మరోచోట శంఖం. రాతి సమాధి మీద ఎవరో వల ఆరేశారు.

"అది దొరబాబుదండి. ఆయన ఏటీ అనుకోడు" అన్నాడు వల తాలూకు మనిషి, దాన్ని తీస్తూ.

చంద్రశేఖరం గారు పంచె ఎగ్గట్టుకుని కూర్చుని, బ్రష్షుతో నాచు గీకి, గంటసేపు తంటాలుపడి రాత చదివారు. కుంఫిణీ వారి ఉప్పు కొఠారులో గుమస్తాగా థామస్ అనే ఇరవై రెండేళ్ళవాడు ఓడ దిగి, తొమ్మిదో రోజున వాంతులై పోయాడు. ఇంటిపేరు ఉప్పుగాలికి చెరిగిపోయింది.

"ఫారినరా! అయితే ప్రముఖుడు నంబర్ వన్" అని పద్మకుమారి గారు టిక్కు పెట్టింది.

"ఏమీ చేయలేదమ్మా అతను. తొమ్మిది రోజులే ఉన్నాడు."

"మన టూరిస్టులు ఇంకా తక్కువ ఉంటారు సార్."

అప్పటికి ఊళ్ళో జనం చుట్టూ చేరారు. వాళ్ళలో కూర్మమ్మ ఉంది. పొద్దున్నే గంపెత్తుకుని ఊళ్ళు తిరిగి చేపలమ్ముతుంది. వచ్చాక గంప దించి, శ్మశానంలో ఒక తెడ్డు ముందు కూర్చుని, ఆ రోజు ఏ చేప ఎవరికి ఎలా అంటగట్టిందో మొగుడికి చెబుతుంది. మొగుడు కూర్మయ్య పచ్చకామెర్లతో పోయి మూడేళ్ళయింది. బతికున్నప్పుడు ఇంత ఓపికగా ఎన్నడూ వినలేదని ఆవిడ అంటూ ఉంటుంది.

"పెముకులంటే ఏటి బాబూ?" అని అడిగింది.

"నలుగురికీ పేరు తెలిసినవాళ్ళు" అన్నారు చంద్రశేఖరం గారు.

"మా కూర్మయ్య పేరు నాలుగు రేవులకి తెలుసు. ఆ పెద్ద తుఫాను నాడు తెప్పేసుకుని ఎల్లి పదకొండు మందిని ఒడ్డుకి తెచ్చినాడు కాదేటి?"

"దానికి సర్టిఫికెట్ ఉందా?" అంది పద్మకుమారి గారు.

"ఆ పదకొండు మందీ ఉన్నారు కదమ్మా. మరి కాయితమెందుకు?"

పద్మకుమారి గారు 'ఆధారాలు లేవు' అని రాసుకుంది.

ఊరి పెద్ద సూరయ్యకి చదువు లేదు. ఆయన ముందు నడిచాడు, చంద్రశేఖరం గారు నోటుబుక్కుతో వెనక నడిచారు. సముద్రం వైపు నుంచి మొదలుపెట్టి, ఏ గుట్ట ఎవరిదో సూరయ్య ఎక్కడా ఆగకుండా చెప్పుకుంటూ పోయాడు. ఇది కలరా ఏడు పోనోలు. ఈ వరస తుఫానుకి పోనోలు, ఇందులో ముగ్గురి వొళ్ళు దొరకనేదు, బట్టలు పెట్టినాం. ఇది పురిట్లో పోనాది. ఈడు సంటిపిల్లడు, పేరు పెట్టనేదు, అయినా మాం ఒక పేరుతో పిలుస్తాం. మొత్తం రెండు వందల పదమూడు పేర్లు. చంద్రశేఖరం గారు తన సర్వీసు మొత్తంలో మొగలాయిలను కూడా అంత వరసగా చెప్పిన విద్యార్థిని చూడలేదు. కానీ ఫారంలో పేరు తప్ప ఏ గడీ నిండలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, రెండు వందల పదమూడు మందికీ 'కాదు' అని రాయడానికి కూర్చున్నారు. పన్నెండు 'కాదు'ల తరవాత చెయ్యి ఆడలేదు. భార్య త్రిపురసుందరి గారు పిల్లలకి వీణ పాఠం ముగించి వచ్చి పక్కన కూర్చుంది. ఈయన సంగతంతా చెప్పారు.

"అబద్ధం రాయమంటావా నన్ను?"

"మా నాన్నగారు పోయినప్పుడు స్మారక సంచికలో 'సంగీత సముద్రుడు' అని రాసింది ఎవరు?"

"నేనే."

"ఆయనకి మూడు వర్ణాలు వచ్చు. అందులో ఒకటి సగమే."

"అది కుటుంబ విషయం, సుందరీ."

"ఇదీ కుటుంబ విషయమే. కుటుంబం మనది కాదు, అంతే" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చంద్రశేఖరం గారు ఆ పన్నెండు 'కాదు'లూ కొట్టేసి, తనకు తాను ఒక నియమం పెట్టుకున్నారు. ఒక్క అబద్ధం కూడా రాయకూడదు. ఉన్న నిజాన్నే, ప్రభుత్వానికి అర్థమయ్యే భాషలో రాయాలి.

ఆ మర్నాటినుంచి ఆయన రోజూ పొద్దున్న బస్సుకి నీలాలరేవు వెళ్ళేవారు. కూర్మయ్య పేరు ఎదురుగా 'విపత్తు నిర్వహణ నిపుణుడు, తీర రక్షణలో స్వచ్ఛంద సేవకుడు' అని రాశారు. జీవితమంతా చేపలు ఎండబెట్టి అమ్మిన చిన్నతల్లి అనే ఆవిడ 'సౌరశక్తి ఆధారిత ఆహార పరిశ్రమలో తొలితరం మహిళా పారిశ్రామికవేత్త' అయింది. మబ్బు చూసి వేటకి వెళ్ళచ్చో లేదో చెప్పే ముసలాయన ఉండేవాడు. ఆయన మాట సగం సార్లు తప్పేదని ఊరంతా ఒప్పుకుంది. ఆయన్ని 'వాతావరణ సూచనలలో శాఖాపరమైన ప్రమాణాలకు ఏమాత్రం తీసిపోనివాడు' అని రాశారు. ఎవరింట్లో చావైనా ముందు వెళ్ళి శోకాలు పెట్టే ఆవిడ 'ఆశుకవయిత్రి' అయింది. ఇది రాసినప్పుడు ఆయనకి అబద్ధం రాసినట్టు అనిపించలేదు. ఊళ్ళోవాళ్ళకి గుర్తున్న ఆ శోకాల్లో నాలుగు ఆయన నోటుబుక్కులో రాసుకున్నారు కూడా.

ఒక్కచోట మాత్రం ఇరుక్కుపోయారు.

"ఈడు మా తమ్ముడు అప్పన్న బాబూ. ఈడి గురించి రాయడానికి ఏటీ నేదు" అన్నాడు సూరయ్య, తల దించుకుని. "తాగీసి ఒడ్డునే పడుండేవోడు. ఏ పనీ సెయ్యనేదు."

"ఎన్నాళ్ళు?"

"నలభై ఏళ్ళు."

"ఎవరితోనైనా గొడవలు?"

"ఆడా? ఆడు లేస్తే కదా గొడవపడడానికి."

చంద్రశేఖరం గారు పెన్ను మూతి కొరుకుతూ ఆలోచించి, 'నలభై ఏళ్ళపాటు ఎన్నడూ ఏ వివాదానికీ తావివ్వని నిరాడంబర ప్రజాజీవితం' అని రాసి చదివి వినిపించారు. సూరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంత మంచోడని నాకు తెలీదు బాబూ. రోజూ తన్నేవోణ్ణి" అన్నాడు.

పుస్తకం ప్రెస్సుకి వెళ్ళే ముందు హరిబాబు వచ్చాడు. మంత్రిగారి కుడిభుజం అని ఫ్లెక్సీల మీద తనే రాయించుకున్న నాయకుడు. శ్మశానంలోనే కుర్చీ వేయించుకుని, పేర్ల జాబితా తిరగేశాడు.

"మాస్టారూ, ఇందల పార్టీ గడి నేదేటండి?"

"పోయినవాళ్ళకి పార్టీ ఏమిటి నాయనా?"

"అలగనీసి ఒగ్గేస్తే ఎలగండి?" అని హరిబాబు తన ఫోన్లో ఓటర్ల లిస్టు తీసి, పేరుపేరునా పోల్చుకుంటూ పోయాడు. పోనుపోను మొహం పాలిపోయింది. "ఈ ముప్పైనాలుగు మందీ పోనారని తమకి ఎవరు సెప్పినారు?"

"వాళ్ళ సమాధుల మధ్యే కదయ్యా కూర్చున్నావు."

"ఈళ్ళు పోయిన ఎలచ్చన్లో మాకు ఓటేసినారండి! ఈ కూర్మయ్యయితే పొద్దున్న ఏడు గంటలకే, లైన్లో అందరికన్నా ముందు. ఇప్పుడు ఈళ్ళు పోనారని అచ్చేస్తే మా పరువేటయిపోవాల?"

పక్కనే ఉన్న కూర్మమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మా! ఓటుకొచ్చినోడు ఇంటికి రానేదేటి?" అని తెడ్డు వైపు తిరిగి, "అంత పొద్దున్నే లెగడం నీకు ఎప్పుడలవాటయినాది?" అని నిలదీసింది.

హరిబాబు ఆ సంభాషణలో కలగజేసుకోలేదు. పద్మకుమారి గారికి ఫోన్ చేశాడు. ఆవిడ అయిదు నిమిషాల్లో పరిష్కారం చెప్పింది. పుస్తకంలో ఎవరికీ పోయిన తేదీ వేయనక్కర్లేదు. ఆ స్థానంలో 'ప్రస్తుతం విశ్రాంతిలో ఉన్నారు' అని వేస్తే చాలు. తేదీల్లేని చరిత్రేమిటని చంద్రశేఖరం గారు ఒక పూటంతా బాధపడ్డారు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలతో తేదీలు బట్టీ పట్టించిన మనిషి. కానీ ఒప్పుకోకపోతే ముప్పైనాలుగు మందికి గ్రిల్లు దక్కదు. ఒప్పుకున్నారు.

'నీలాలరేవు శ్మశానం: చరిత్ర, ప్రముఖులు' అన్న ఆ పుస్తకాన్ని మంత్రిగారు ఇసుక దిబ్బ మీద షామియానా కింద ఆవిష్కరించారు. పొందూరు ఖద్దరు కట్టుకుని, చెప్పులు విప్పి, థామస్ దొరకి దండ వేశారు. మైకు ముందు నిలబడి పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచారు. అది అప్పన్న పేజీ.

"నలభై ఏళ్ళపాటు... ఎన్నడూ... ఏ వివాదానికీ తావివ్వని..." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను రాజకీయాల్లోకి వచ్చి ఇరవై రెండేళ్ళు. నాకిది సాధ్యం కాలేదు. ఎలా సాధించాడయ్యా ఈ మహానుభావుడు!"

సూరయ్య చెప్పబోయాడు. హరిబాబు భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

మంత్రిగారు అక్కడికక్కడే ప్రకటించారు. ఇంతమంది ప్రముఖులు ఒక్కచోట ఉన్న శ్మశానం దేశంలో ఇంకోటి లేదు. దీన్నంతటినీ స్మృతివనం చేస్తాం. ప్రహరీ, షెడ్లు, కుళాయిలు, లైట్లు, బెంచీలు మూడు నెలల్లో వస్తాయి. రోడ్డు ఇటు రాదు. ఇది నా మాట.

జనం ఈలలు వేశారు. కూర్మమ్మ చంద్రశేఖరం గారి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆయన చెయ్యంతా చేపల వాసన వేసింది. శాకాహారపు వంశం. ఆ రోజు ఇంటికి పోయేదాకా ఆ చెయ్యి కడుక్కోలేదు. జీవితంలో మొదటిసారి క్లాసు క్లాసంతా పాసయిందని త్రిపురసుందరి గారితో చెప్పి, ఆవిడ ఇచ్చిన కాఫీ రెండుసార్లు తాగారు.

మంత్రిగారు మాట తప్పలేదు. మూడు నెలల్లో స్మృతివనం తయారయింది. ఊళ్ళో లేని కుళాయి నీళ్ళు అక్కడ వచ్చాయి. ఊళ్ళో పోయే కరెంటు అక్కడ పోదు. ప్రతి గుట్ట పక్కనా నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాలతో పేరు, వివరం చెక్కించారు. చదువుకున్న పిల్లలచేత చదివించుకుని, ముసలివాళ్ళు తమ తాతలు ఏమేమి చేశారో తెలుసుకుని ఆశ్చర్యపోయారు.

నాలుగో నెలలో ఊళ్ళో ప్రతి తలుపు మీదా ఒక నోటీసు అంటించారు. రోడ్డు అరవై మీటర్లు పడమరకు జరిగింది. చంద్రశేఖరం గారు ఆ వార్త పేపర్లో చదివి, కాఫీ మధ్యలో వదిలేసి పద్మకుమారి గారి ఆఫీసుకి పరుగెత్తారు.

"పడమర అరవై మీటర్లంటే అక్కడ ఊరుందమ్మా!"

"తెలుసు సార్. సర్వే చేయించాం. నూట ఎనిమిది ఇళ్ళు. ప్రముఖులు ఎవరూ లేరు."

"నా పుస్తకంలో ఉన్నవాళ్ళ పిల్లలే కదమ్మా వీళ్ళు?"

"పిల్లల పేర్లు మీ పుస్తకంలో లేవు సార్. చెక్ చేశాం. ఒక్కటీ లేదు."

"బతికున్నవాళ్ళని శ్మశానం చరిత్రలో ఎలా రాస్తాను?"

"అదే సార్ నేనూ అంటున్నది" అంది పద్మకుమారి గారు జాలిగా.

ఆయన ఊరుకోలేదు. మళ్ళీ బస్సెక్కి, ఇంటింటికీ తిరిగి, నాలుగు వందల పన్నెండు మంది పేర్లు, వాళ్ళ గొప్పతనాలు తన కొత్త భాషలో నింపి అర్జీ పెట్టారు. నెల తిరక్కుండానే సమాధానం వచ్చింది. 'ప్రముఖుల గుర్తింపు సమాధులకు మాత్రమే వర్తించును. దరఖాస్తుదారులు తగిన అర్హత పొందిన పిమ్మట సంప్రదించగలరు' అని ఉంది. పునరావాస కాలనీకి గజపతినగరం అవతల, సముద్రానికి యాభై కిలోమీటర్ల దూరంలో, జాగా చూస్తున్నారని కింద చిన్న అక్షరాలతో ఉంది.

"అక్కడ వలలెక్కడ వేస్తారమ్మా?" అని ఆయన ఫోన్లో అడిగారు.

"క్రికెట్ నెట్స్‌కి గ్రౌండ్ ఇస్తున్నాం సార్" అంది ఆవిడ. వలలంటే ఏమనుకుందో మరి.

యంత్రాలు వచ్చిన రోజు చంద్రశేఖరం గారు వెళ్ళలేకపోయారు. వెళ్ళడానికి మొహం చెల్లలేదు. మర్నాడు త్రిపురసుందరి గారు ఆయన చేతికి గొడుగిచ్చి బస్టాండు దాకా వచ్చి ఎక్కించింది. నీలాలరేవు స్టేజీ దగ్గర దిగితే ఊరు లేదు. ఎర్రమట్టి చారలా ఒక దారి మాత్రం ఉంది. కాళ్ళు లాక్కుంటూ శ్మశానం వైపు నడిచారు.

స్మృతివనం గేటు తెరిచి ఉంది. లోపల ఊరుంది. షెడ్లలో మంచాలు, బెంచీల మీద బిందెలు, నల్లరాళ్ళ మధ్య కట్టిన తాళ్ళ మీద వలలు. థామస్ దొర మీద చేపలు ఎండుతున్నాయి. కుళాయి దగ్గర ఆడవాళ్ళు దెబ్బలాడుకుంటున్నారు. 'విపత్తు నిర్వహణ నిపుణుడు' పక్కన మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని కూర్మమ్మ గంజి కాస్తోంది.

"రా బాబూ, కూకో" అంది.

ఆయన నిలబడే ఉన్నారు. "నావల్ల తప్పు జరిగింది కూర్మమ్మా" అన్నారు చివరికి.

కూర్మమ్మ పొయ్యిలోకి సరుగుడు పుల్ల ఎగదోసింది. "గోడ కట్టించినావు. నీళ్ళు తెప్పించినావు. మూడేళ్ళయినాక మళ్ళీ మా ఆయన పక్కన పొయ్యెలిగించినాను" అంది. అది దీవెనో తిట్టో ఆయనకి తేలలేదు. ఆవిడ మొహం చూడబోతే, పొగకి పక్కకి తిప్పేసుకుంది.

అంతలో జీపు వచ్చి ఆగింది. పద్మకుమారి గారు పోలీసులతో దిగి, గేటు దగ్గరే నిలబడి, ఖాళీ చేయించే ముందు స్మృతివనం జీవో ఒకసారి చదువుకుంది. దాన్ని ఆవిడే స్వయంగా రాసింది. 'ప్రహరీ లోపల గల ఏ కట్టడమును గాని, వస్తువును గాని, వ్యక్తిని గాని ఎట్టి పరిస్థితులలోనూ కదిలించరాదు' అని ఉంది. వ్యక్తి అన్నచోట ఆవిడ ఉద్దేశం వేరు. కానీ ఆ ఉద్దేశం జీవోలో లేదు. రెండోసారి చదివింది. పోలీసులను జీపులోనే ఉండమంది.

అప్పుడే ఫోన్ మోగింది. మంత్రిగారు. గాలి హోరుకి వినబడక ఆవిడ స్పీకర్ నొక్కింది.

"స్మృతివనానికి విజిటర్స్ వస్తున్నారా అమ్మా?"

"వచ్చారు సార్. నిన్న ఒక్కరోజే నాలుగు వందల పన్నెండు మంది."

"అబ్బో! ఎలా ఉందంటున్నారు?"

పద్మకుమారి గారు లోపలికి చూసింది. చంద్రశేఖరం గారి వైపు చూసింది. ఆయన అప్పటికి కూర్మమ్మ పక్కన ఇసకలో చతికిలబడి, సత్తుగిన్నెలో గంజి పట్టుకుని ఉన్నారు.

"ఎవరూ తిరిగి వెళ్ళడం లేదు సార్" అంది.

అటువైపు మంత్రిగారి గొంతు ఆనందంతో వణికింది.

"అయితే ఇంకేమమ్మా, టైమింగ్స్ పెంచండి!"